గురువు పేరు పెట్టుకున్న యంత్రం

నిన్న సాయంత్రం మనవడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ‘స్టార్ ట్రెక్’ మూడవ సీజనులోని తొలి భాగం ‘స్పాక్స్ బ్రెయిన్’ చూపించాడు. 1968 సెప్టెంబరు 20న అమెరికాలో ప్రసారమైన కథ ఇది. ఆ ధారావాహికలో మిక్కిలి పేలవమైన వాటిలో ఒకటని చాలామంది అంటారట.

ఒక స్త్రీ నౌకలోకి వచ్చి స్పాక్ మెదడును అపహరించుకుపోతుంది. భూగర్భంలోని తమ నగరాన్ని నడపడానికి వారికది కావాలి. మెదడు లేని స్పాక్‌ను మీటలు నొక్కి నడిపిస్తుంటే ఇద్దరమూ పగలబడి నవ్వాం.

ఒకచోట మాత్రం నా నవ్వు ఆగింది. ఆమెకు శస్త్రచికిత్స నేర్పినది ‘టీచర్’ అనే యంత్రమట! తలకు తగిలించుకుంటే చాలు, విద్య వచ్చేస్తుంది. కొద్ది గంటల్లో పోతుంది. మెదడును తిరిగి అమర్చబోయిన డాక్టర్ మెకాయ్‌కీ నడిమధ్యనే విద్య జారిపోతుంది. మాట వచ్చిన స్పాకే అతనికి దారి చెబుతాడు.

ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. పరీక్షలో గణాలన్నీ అప్పజెప్పి, మర్నాటికి యగణమేదో మరచిన పిల్లలను ఎరుగుదును. వారికి మార్కులు వేసి తృప్తిపడిన నేనూ ఆ యంత్రాన్నే కదా? విద్య అంటుకోవడం వేరు, అబ్బడం వేరు. ఇంతటి ప్రశ్న చేతికందినా కథకులు దానిని జారవిడిచారు. నా నిరాశ అందుకే.

ఈ మాటే అంటే మనవడు, “యగణమంటే ఏమిటి తాతయ్యా?” అన్నాడు. చెప్పేయలేదు. కాగితం, కలం తెచ్చుకోమన్నాను.