నల్లమల నుంచి కడప దాకా: అన్నయ్యకు ఉత్తరాలు

ఆత్మకూరు
సంక్రాంతి వెళ్లిన వారం

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. దోర్నాల ఘాట్‌లో పులుల కోసం రాత్రిళ్లు బండ్లు వదలరు. అందుకని చీకటి పడకముందే బైర్లూటి గూడెం చూసుకుని ఆత్మకూరు వచ్చేశాం. మీ ఎథిక్స్ కమిటీకి వచ్చే పరిశోధన దరఖాస్తుల్లో ‘మారుమూల గిరిజన సమూహం’ అని రాస్తుంటారే, ఆ మనుషుల్ని ఈ రోజు చూశాను. చెంచులు. 1976 నుంచి వీళ్లకోసం శ్రీశైలంలో ప్రత్యేకంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. దేశంలోని 75 ఆదిమ తెగలకని 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కూడా వీళ్లకు వర్తిస్తుంది. దాని మొత్తం 24,104 కోట్ల రూపాయలు. ఇళ్లు, రోడ్లు, నీళ్లు, ఊరూరా తిరిగే వైద్య వాహనాలు అందులో ఉన్నాయి. రావలసినవే.

గూడెంలో చింతచెట్టు కొమ్మకు తూకం వేలాడదీసి పిల్లల్ని తూస్తున్నారు. పక్క గుడిసెలో ఒక బాలింత. చూరు వాసానికి ఐరన్ మాత్రల అట్టలు దారంతో కట్టి ఉన్నాయి. ఒక్క మాత్రా విప్పలేదు. ఎందుకమ్మా అంటే, “మింగితే కడుపులో మంట, పనికి పోలేము” అంది. సర్వే కాగితంలో ‘మాత్రలు అందాయా?’ అన్న గడిలో మాత్రం ‘అవును’ అనే పడుతుంది. ఆ వాసం వైపు తలెత్తి చూడాలంటే ఆ ఇంట్లో కాసేపు కూర్చోవాలి. కూర్చోవడానికి జీతమిచ్చే గ్రాంటు ఏది?

ఆమె అత్త నన్నే అడిగింది: “ముందొకసారి వచ్చినోళ్లు సూదేసి రగతం తీస్కపోయిరి. అందులో ఏముందో ఒగరూ వచ్చి చెప్పల్యా. నువ్వన్నా చెప్తావా?” నా దగ్గర జవాబు లేదు. ఎవరొచ్చారో ఆమెకు గుర్తులేదు. చేయి చాచి ఇవ్వడం మాత్రం గుర్తుంది.

ఇంకా లోపల, నాగలూటి దాటి శివరాత్రి భక్తులు శ్రీశైలం నడిచే దారిలో పెచ్చెరువు గూడెం ఉంది. అక్కడినుంచి ఒక రక్త నమూనా కర్నూలు ల్యాబుకు చెడకుండా చేరాలంటే జీపు కావాలి, ఐసు పెట్టె కావాలి, అటవీశాఖ అనుమతి కావాలి, వెంట వచ్చే చెంచు మనిషి కావాలి. జీపు, ఐసు పెట్టె బడ్జెట్‌లో ఉంటాయి. ఆ మనిషి కూలి ఉండదు. అతను లేకుండా ఎవరూ తలుపు తీయరు, మాట కలపరు. తేనె కాలంలో, జిగురు కాలంలో మగవాళ్లు ఎప్పుడు గూడెంలో ఉంటారో తెలిసినవాడూ అతనే.

కోసిగి
మరో నాలుగు రోజులకు

అన్నయ్యా,

ఇక్కడ అడవి లేదు, నీళ్లూ లేవు. వీధి మొత్తం తాళాలు. అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు. తక్కినవాళ్లంతా సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో పత్తికి. ఉగాదికి తిరిగొస్తే వస్తారు. ఈ పల్లెల్లో గర్భిణులకు రక్తహీనత మీద ఏ అధ్యయనం మొదలుపెట్టినా, రెండోసారి వచ్చేసరికి సగం పేర్ల ఎదుట ‘అందుబాటులో లేరు’ అని రాయాల్సిందే. ఆ గర్భిణి ఎక్కడికీ మాయం కాలేదు. మిరప చేను గట్టున టార్పాలిన్ కింద ఉంది. ఆమె వెంట గుంటూరు దాకా వెళ్లే బస్సు ఖర్చు పెట్టని పరిశోధన, ఊళ్లో మిగిలినవాళ్లనే లెక్కపెట్టి ఊరంతా ఇంతే అంటుంది. ఆ లెక్క తప్పు.

రాత్రి ఖమ్మం సంగతి గుర్తొచ్చి నిద్రపట్టలేదు. 2009లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, పాథ్ సంస్థ ఆధ్వర్యంలో, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ 10–14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేయించాయి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమనే ఆధారం విచారణలో దొరకలేదు. టీకా మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఏం చెప్పిందో చూడు: అప్పటి ఉమ్మడి రాష్ట్రపు 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. డబ్బుకు కొరత లేదు. అమ్మానాన్నల దాకా వెళ్లే ఓపికకే కొరత. పాడేరులోనో శ్రీశైలంలోనో రేపు ఎవరైనా మంచి టీకా తీసుకెళితే అప్పుడు పుట్టిన అనుమానం అడ్డం నిలబడుతుంది. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

కడప

అన్నయ్యా,

ఇక్కడ కథ తిరగబడింది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది, 2012 నుంచి అక్కడే శుద్ధి జరుగుతోంది. వ్యర్థాల చెరువు దగ్గరున్న కె.కె. కొట్టాల రైతులు బోరు నీళ్లు చెడ్డాయని, అరటి తోటలు పాడయ్యాయని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. వీళ్లు పరిశోధన వద్దనడం లేదు, రండి పరీక్షించండి అంటున్నారు. అడిగేది ఒక్కటే, ఎవరి డబ్బుతో పరీక్షిస్తారు? గని డబ్బుతో వచ్చిన నివేదికలో ‘ఏమీ లేదు’ అని ఉంటే, అది నిజమైనా ఊరు నమ్మదు. అందుకే ఊరికీ గనికీ సంబంధం లేని నిధి కావాలి, ప్రశ్నలు తయారుచేసేటప్పుడే ఊరివాళ్లు పక్కన ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరికేం కాదు. ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి తన పరిశోధన నిధుల్లో కనీసం 5 శాతం ఆదివాసుల, టోరెస్ జలసంధి దీవులవాళ్ల ఆరోగ్య పరిశోధనకు కేటాయిస్తానని మాటిచ్చింది. దక్షిణాఫ్రికాలో శాన్ ప్రజలు తమ దగ్గరికొచ్చే పరిశోధకులకు 2017లో తామే నియమావళి రాసుకున్నారు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనూ ఉంది కదా, కులపెద్ద ఒప్పుకున్నా ఎవరి సమ్మతి వాళ్లదేనని. రాత బాగానే ఉంది. దాన్ని నడిపించే ఖర్చే ఎవరూ రాయడం లేదు.

నువ్వు కమిటీలో డాక్టర్‌గా లేవు, మామూలు పౌరుడిగా ఉన్నావు. ఆ కుర్చీ వేసింది ఇలాంటివి అడగడానికే. ఈసారి రాయలసీమ నుంచో మన్యం నుంచో దరఖాస్తు వస్తే చివరి పేజీలోని బడ్జెట్ ముందు తిరగెయ్యి. గూడెం మనిషి కూలి ఉందా, సుగ్గికి పోయినవాళ్ల వెంట వెళ్లే ఖర్చు ఉందా, ఫలితం చెప్పడానికి మళ్లీ వెళ్లేదెవరో పేరుతో సహా రాశారా, చూడు. లేకపోతే సంతకం పెట్టకు. వెనక్కి పంపి రాయించు.

నీ చెల్లెలు