పెళ్లెప్పుడని అడిగాను!

మావారి ఉద్యోగరీత్యా చైనాలోని షెన్‌జెన్‌లో ఉన్న రోజులవి. వారానికి మూడుసార్లు ఇంటిపనికి ఒకమ్మాయి వచ్చేది. హునాన్ వైపు పల్లెటూరు. నన్ను ‘జియే’ అని పిలిచేది. అంటే అక్క అని.

2018 ఫిబ్రవరి. వాళ్ల కొత్త సంవత్సరం. మన సంక్రాంతికి లాగే నగరం నగరమంతా ఊళ్లకు బయల్దేరుతోంది. ‘‘ఈసారైనా పెళ్లి కబురు తెస్తావా?’’ అన్నాను సరదాగా. ఆ పిల్ల నవ్వలేదు. గిన్నెలన్నీ కడిగి, చేతులు తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

‘‘నా గదిలో ఉండేది ఉత్త స్నేహితురాలు కాదక్కా. మేం లాలా.’’

ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లను అక్కడ వాడుకలో అలా అంటారు.

పదిహేడేళ్లప్పుడు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరిందట. హాస్టల్ గదిలో ఎనిమిదిమంది, రెండంతస్తుల మంచాలు. కింది మంచం సిచువాన్ అమ్మాయిది. ఇద్దరాడపిల్లలు ఒకే కంచంలో తిన్నా అక్కడెవరూ అనుమానించరు. తర్వాత హాస్టల్ వదిలి ఓ ఇరుకు గది అద్దెకు తీసుకున్నారు. అలాంటి ఇళ్లను ‘కరచాలనం మేడలు’ అంటారు. కిటికీలోంచి చెయ్యి చాస్తే ఎదురింటివాళ్ల చెయ్యి అందుతుంది మరి!

చైనాలో 1997 తర్వాత ఇది నేరం కాదు. 2001లో మానసిక రుగ్మతల జాబితాలోంచీ తీసేశారు. పెళ్లిని మాత్రం చట్టం గుర్తించదు. పైగా ‘హుకౌ’ అని కుటుంబ నమోదు ఒకటి. ఊరొదిలి పనికెళ్లేవాళ్లు అక్కడ దాదాపు 30 కోట్లమంది. నగరంలో ఎన్నేళ్లు చెమటోడ్చినా, వాళ్లలో చాలామంది పేర్లు ఊరి నమోదులోనే ఉంటాయి. ‘‘ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లే ఈ గది. ఆ తర్వాత చెరో ఊరు’’ అంది.

పండక్కి ఇద్దరూ చెరో రైలెక్కారు. ఇద్దరిళ్లలోనూ పెళ్లిచూపులు సిద్ధం. సెలవులవగానే మా అమ్మాయి వచ్చేసింది. సిచువాన్ అమ్మాయి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. పది రోజులు! వచ్చినప్పుడల్లా మౌనంగా గచ్చు తుడిచి వెళ్లేది. ‘గదిలో ఉండే అమ్మాయి ఊరి నుంచి రాలేదు’ అని ఎవరితో చెప్పుకుని ఏడుస్తుంది?

పదకొండో రోజు తలుపు తీస్తే ఇద్దరూ ఉన్నారు, చేతిలో ఎండుమిరపకాయల పొట్లంతో. ‘‘వచ్చే ఏడాది చేసుకుంటానని ఒప్పుకుని వచ్చాను’’ అందా రెండో అమ్మాయి. అంటే ఇంకో ఏడాది దొరికిందన్నమాట.

ఆ పూట పులిహోర కలిపాను. తిరగమోతలో వాళ్లు తెచ్చిన మిరపకాయలే వేశాను.

ఇప్పుడు మా మేనకోడలు ఫోన్ చేస్తే ‘పెళ్లెప్పుడే?’ అన్న మాట నోటిదాకా వస్తుంది. అక్కడే ఆగిపోతుంది.