పశువర్తకుల విడిది

అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాన్సాసు రాష్ట్రమునందు ఆబిలీను అను చిన్న పట్టణము కలదు. 1953 మొదలు 1961 వఱకు ఆ దేశమున కధ్యక్షుడుగా నుండిన ఐసెన్‌హోవరు బాల్యమునందు పెరిగిన యూరగుటచే దానిపేరు పలువు రెఱుగుదురు. నాకు మాత్ర మా పేరు చెవినిబడినప్పుడు జ్ఞప్తికి వచ్చునది యిప్పుడు లేని యొక పూటకూళ్ల యిల్లు.

దానిని డ్రోవర్సు కాటేజి యనుచుండిరి. అనగా పశువులను తోలుకొని వచ్చువారి కుటీరము. కుటీరమని పేరేగాని యది మూడంతస్తుల మేడ. రైలుకట్ట ప్రక్కను, పచ్చని కిటికీతెరలతోను వసారాతోను నిలిచియుండెడిది.

1865 లో అంతర్యుద్ధము ముగియునప్పటికి టెక్సాసు బీళ్లలో పొడవుకొమ్ముల పశువులు లెక్కకు మించి పెరిగియుండెను. అచ్చట నొక్కొక్కదాని వెల నాలుగైదు డాలర్లు. ఉత్తరపు పట్టణములలో నంతకు అనేక రెట్లిచ్చి కొనువారుండిరి. ఇల్లినాయి రాష్ట్రపు పశువర్తకుడు జోసెఫ్ మెకాయి, ముప్పదియేండ్లు నిండనివాడు, ఈ రెంటికిని వంతెన గట్టబూనెను. 1867 లో నాతడు చేరునప్పటికి ఆబిలీనులో నున్నవి సుమారు పండ్రెండు దుంగల గుడిసెలు. అచ్చట నేల కొని, మిస్సోరి రాష్ట్రములోని హానిబలునుండి పైను కలప తెప్పించి, పశువుల దొడ్లను, ఈ విడిదిని కట్టింప మొదలిడెను. ఆ సెప్టెంబరు 5 వ తేదీని ఇరువది బండ్లలో పశువులు చికాగోకు బయలుదేరెను. చూడవచ్చిన పెద్దలకు డేరాలలో విందు జరిగినదట! ఆ యేట వచ్చినవి ముప్పదియైదువేల పశువులు. 1871 లో టెక్సాసునుండి ఉత్తరమునకు తోలబడినవి ఆఱులక్షలని వ్రాసియున్నారు.

మా తాతగారు ఒంగోలు కోడెలను సంతలకు దోలుకొనిపోయి విక్రయించువారు. ఏ యూరికి బోయినను మొదట ధర యడుగక, నీరెచ్చట, నీడయెచ్చట, అన్న మెవ్వరు పెట్టుదురు అని విచారింపవలెనని వా రనుచుండిరి. మెకాయి చేసిన పనిలోని తెలివి నా కీ మాటచేతనే బోధపడినది. రెండుమూడు నెలలు ఎండలో వానలో, ఏరులీదుచు, మందలవెంట వచ్చినవానికి దొడ్డికంటె ముందు మంచము కావలెను. టెక్సాసు వర్తకుడును చికాగో వర్తకుడును ఆ వసారాలో కుర్చీలు వేసికొని బేరమాడుకొనువారు.

ఆ యింటి యజమానురాలు లూ గోరు అను స్త్రీ. ఈమె నయాగరా జలపాతముకడ పూటకూళ్ల యిల్లు నడపినవాని కొమార్తె. భర్తయు నా వృత్తిలోనివాడే. తల్లి చెంత లేని పశుకాపరి కుఱ్ఱవాడు జ్వరముతో పడియున్న, ఈమె దగ్గర గూర్చుండి సేవచేసెడిదని మెకాయి 1874 లో అచ్చువేసిన గ్రంథమున కృతజ్ఞతతో వ్రాసినాడు. తుపాకులు పట్టిన వీరుల పేళ్లు మాత్రము చలనచిత్రముల కెక్కినవి!

పచ్చికబీళ్లను దున్నుకొను రైతులకు మందలు గిట్టలేదు. పైరు త్రొక్కబడుచుండెను. అంతకంటె ఘోరముగా, టెక్సాసు పశువులు నడచిన దారిని మేసిన యూరి యావులు జ్వరముతగిలి చచ్చుచుండెను. తెచ్చిన పశువులు మాత్రము నిక్షేపముగా నుండెను. ఈ వింతకు కారణము పిడుదులని థియోబాల్డ్ స్మిత్తు, కిల్బోర్ను అను శాస్త్రజ్ఞులు 1893 లో తేల్చిరి. పిడుదుల నోర్చుకొనగల పశువులకై టెక్సాసువారు 1906 లో మన దేశమునుండి మూపుర మున్న పశువులను దిగుమతి చేసికొనిరి. అమెరికావారు బ్రాహ్మను అని పిలుచు జాతి పుట్టుకలో మన ఒంగోలు పశువులకును పాలు కలదు. తాతగా రీ సంగతి వినియుండినచో మీసము దువ్వియుందురు.

1872 ఫిబ్రవరిలో ఆబిలీను ప్రాంతపు రైతులు, ఇక మీ మందలను మరియొకచోటికి దోలుకొనిపొండని టెక్సాసువారికి ప్రకటన పంపిరి. వారు మాట మన్నించి యా వేసవిని రాలేదు. అతిథులు లేని యింట నేమి పని? లూ గోరు దంపతులు విడిదిలో నొక భాగమును విప్పించి, అదే రైలుమార్గమున సుమా రఱువది మైళ్లు పడమరగా నున్న ఎల్సువర్తు అను నూర మరల నిలిపిరి. కలప వచ్చిన దారినే మరికొంత దూరము పోయిన దన్నమాట. అచ్చటినుండియు మందలు కొలది యేండ్లకే తరలిపోయెను. ఆ యింటిని కట్టించిన మెకాయి యంతకు బూర్వమే దాని నమ్ముకొని, అప్పులపాలయి యుండెను.

పొమ్మన్న యూరిలోని యంగడివారు ఖాళీ వీథులవంక చూచి మిక్కిలి చింతించిరట. రైతులు చింతింపలేదు. మందలు నిలిచిన నేలను దున్ని, శీతకాలపు గోదుమ చల్లుకొనిరి.