కంటిపాప

షుగరు అమ్మ రెటీనా దాకా వచ్చింది. ఆసుపత్రిలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోమన్నారు. కాసేపటికి "పెద్దదయిందేమో చూడవే" అంది అమ్మ. వంగి చూశాను. నల్లటి గుండ్రంలో చిన్న మనిషి. నేనే.

ఫోన్లో నిఘంటువు తీశాను, ఊరికే కూర్చోలేక. ఇంగ్లీషు ప్యూపిల్‌కి మూలం లాటిన్ పుపిల్లా: చిట్టి బొమ్మ, చిన్నపిల్ల. గ్రీకులో కోరే అంటే అమ్మాయి, కంటిపాప కూడా. ప్లేటో పేరు మీదున్న 'ఆల్కిబయడీస్'లో సోక్రటీస్ ఈ సంగతే ఎత్తుతాడు, ఎదుటివాడి కంట్లో చూసేవాడి మొహం అద్దంలోలా కనబడుతుందని. సంస్కృతంలో కనీనిక, అదీ పిల్లే. ఇక మన పాప సరేసరి. (నిజానికి బొమ్మ పడేది ముందున్న కార్నియా మీద. వెనక నల్లగా ఉండబట్టి మనకి తెలుస్తుంది. పేరు మాత్రం పాప కొట్టేసింది.)

బడిపిల్లల్ని అనే ప్యూపిల్ దీని తోబుట్టువే. అది పుపిల్లుస్ నుంచి వచ్చింది. రోమన్ చట్టంలో ఆ మాటకి అర్థం, తండ్రి పోయి వేరొకరి సంరక్షణలో ఉన్న పిల్లవాడు.

నాన్న పోయేనాటికి నాకు పదకొండేళ్లు. ఫోన్ బ్యాగులో పడేశాను.

"ఏమే, చూశావా?"

"పెద్దదయిందమ్మా. నేను కనబడుతున్నానా?"

"మసగ్గా ఉంది. ఇంకాస్త దగ్గరికి రా."

వెళ్లాను. ఆ నల్లటి గుండ్రంలో నేను ఇంకొంచెం పెద్దగా, స్పష్టంగా ఉన్నాను. అమ్మ ఇంకా వెతుక్కుంటూనే ఉంది.