కుస్తీకి ఎమ్మెస్సీ

మా రెండో అమ్మాయి బి.ఎస్సీ. ప్యాసయి, ఎమ్మెస్సీకి పంజాబు వెళతానన్న రోజున మా ఇంట్లో వంటయితే అయింది గాని ఎవరూ సరిగా భోంచెయ్యలేదు. ముప్ఫయ్యారేళ్ళు బడిపంతులుగా బతికినవాణ్ణి. చదువంటే నాకు అభ్యంతరమేమిటి? ఏ లెక్కలో, రసాయనశాస్త్రమో అయితే నోరెత్తేవాణ్ణి కాదు. ఆ పిల్ల చదువుతానన్నది ఆటగాళ్ళ శరీరధర్మశాస్త్రమట! అందులోనూ బలం పెంచే సాధన!

"కుస్తీకి కూడా ఎమ్మెస్సీ ఉందటే?" అన్నాను.

మాది విజయనగరం. కోడి రామమూర్తినాయుడుగారు గుండెలమీద ఏనుగును నిలబెట్టుకున్నారని వింటూ పెరిగినవాళ్ళం. ఆయన ఏ డిగ్రీ చదివారని అడిగాను.

"మద్రాసు వెళ్ళి సైదాపేటలో వ్యాయామశిక్షణ చదివే వచ్చారు, నాన్నగారూ" అంది నెమ్మదిగా.

మా ఆవిడ ఇంకో మాట అంది. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో మన శ్రీకాకుళం పిల్ల కరణం మల్లీశ్వరి, రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలెత్తి కాంస్యపతకం తెచ్చిననాడు, వీధిలో అందరికీ మిఠాయి పంచింది నేనేనట. నిజమే. పరాయివాళ్ళ పిల్ల అయితే మిఠాయి పంచడం తేలిక.

అమ్మాయి వెళ్ళింది. నేను స్టేషనుకు వెళ్ళలేదు. మోకాళ్ళనొప్పులన్నాను. నొప్పులున్నమాట నిజమే గాని, వెళ్ళకపోవడానికి కారణం అవి కావు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

మరుసటి వేసవి సెలవులకు వచ్చింది. ఆ వారంలోనే ఇంట్లో సత్యనారాయణవ్రతం. కథ అయిపోయింది, ప్రసాదం పంచారు, నేను పీటమీదనుంచి లేవబోయాను. లేవలేదు. ఒకపక్క మా బావమరిది, ఇంకోపక్క పురోహితుడుగారు పట్టుకుని లేవదీశారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అమ్మాయి ఒక్కతే నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను కుర్చీలో కూచోబెట్టి, చేతులు గుండెలమీద కట్టుకోమని, గడియారం పట్టుకుంది. ముప్ఫయి సెకండ్లలో ఎన్నిసార్లు లేచి కూచోగలనో చూడాలట. ఏడుసార్లు. చెప్పకుండా పుస్తకంలో రాసుకుంది. అదే నాకు భయం వేసింది.

"ఈ వయసులో బలమెక్కడ వస్తుందే?" అంటే ఒక సంగతి చెప్పింది. 1990లో బోస్టనులో, వృద్ధుల ఆశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ళవాళ్ళచేత ఎనిమిది వారాలు బరువులెత్తిస్తే, వాళ్ళ కాళ్ళబలం సగటున రెండున్నర రెట్లు దాటిందట. నాకింకా అరవయ్యెనిమిదే.

బియ్యం సంచీతో మొదలుపెట్టాం. రెండు కిలోలు గుండెలకు హత్తుకుని కుర్చీలోంచి లేవడం, కూచోవడం. రోజు విడిచి రోజు. వారం వారం అరకిలో చొప్పున పెంచింది. నాకు గ్రీకు మల్లుడు మైలో కథ గుర్తొచ్చింది: లేగదూడను రోజూ ఎత్తుతూ, అది ఎద్దయినా ఎత్తగలిగాడని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. గొప్పగా చెప్పాను.

"ఆ కథలో సెలవు రోజు లేదు నాన్నగారూ. కండ బరువెత్తుతున్నప్పుడు పెరగదు. ఎత్తాక తిని, పడుకున్నప్పుడు పెరుగుతుంది. పైగా దూడ పెరిగినంత కాలం మనిషి బలం పెరుగుతూ పోదు" అంది.

నా పాఠాన్ని దిద్దినవాళ్ళు ఇంతకుముందు లేరు.

ఆరు వారాలకు పదకొండుసార్లు లేచాను. చొక్కా చేతులు మాత్రం ఎప్పటిలాగే వదులు. కండేమీ రాలేదేమని అడిగాను. తొలి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ పాలు నరాలదట. ఉన్న కండనే మెదడు ఇదివరకటికంటే బాగా పనికి పిలుస్తుందట. కండ పెరగడం ఆ తరువాత. 1979లోనే అమెరికాలో దీన్ని కొలిచి చూపించారని, తన పరిశోధన కూడా ఆ దారిలోనేనని, కాలేజీ కబడ్డీ ఆడపిల్లల మీద చేస్తానని చెప్పింది. ఒక గంటసేపు చెప్పింది. ఏడాదిగా ఆ చదువేమిటో నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదని అప్పుడు తోచింది.

తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషనుకు వెళ్ళాను. వంతెన మెట్లన్నీ కమ్మీ పట్టుకోకుండా ఎక్కాను. పైకెళ్ళాక, పెట్టె ఇలా ఇమ్మని చెయ్యి చాచాను.

ఇవ్వలేదు. "అంత బరువుదాకా మనం ఇంకా రాలేదు నాన్నగారూ" అంది.