నాయిన ఎజ్డీ

మా ఇంటి ముందర తాడిపత్రి కప్పుకొని తొమ్మిదేండ్లు నిలబడ్డ ఎజ్డీ బండిని పోయిన దీపావళి అయినంక విప్పదీశాను. నాయిన మిల్లులో ఫిట్టరుగా ఉన్నప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. కిక్కు కొట్టే రాడే గేరు రాడు కూడా. మైసూరులో 1996లోనే ఈ బండ్లు చేయడం ఆపేశారు. సోలాపూర్‌లో ఇప్పుడు దాని శబ్దం వినిపిస్తే ముసలివాళ్ళు తల తిప్పి చూస్తారు.

బ్రష్షుతో రంగేస్తే రెండు వానాకాలాలకే లేచిపోతుంది, పౌడర్ కోటింగ్ చేయించమని మా కార్ఖానాకు వచ్చే వెల్డింగు మనిషి చెప్పాడు. పొడి రంగుకు కరెంటు చార్జి ఇచ్చి చల్లుతారు. ఇనుముకు ఎర్తు ఇస్తారు గనుక పొడి పోయి దానికి పట్టుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడికి కరిగి ఒకటే పొరగా గట్టిపడుతుంది. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో ఒకతను, సామాను మీరే సాఫు చేసి తెస్తే రేటు తగ్గిస్తానన్నాడు. నేను పవర్‌లూమ్ జాబర్‌ని. ఇనుము సాఫు చేయడం నాకు ఒకరు నేర్పాలా అనుకున్నాను.

మొదటి విడతలో సెంటర్ స్టాండు, స్వింగ్ ఆర్మ్, ఫుట్‌రెస్టులు తీసుకుపోయాను. పైపైన డీజిల్‌తో తుడిచి ఎమరీ కొట్టానంతే. నాయిన అరుగు మీద కూసొని చూస్తున్నాడు. చేతులు వణుకుతాయి, స్పానరు పట్టలేడు, నోరు మాత్రం ఊకోదు. “బుష్షులు కొట్టి తీశినవారా?” అన్నాడు. “పైన రంగే గద నాయిన” అన్నాను.

ఓవెన్‌లోంచి వచ్చిన స్వింగ్ ఆర్మ్ ఇరుసు గొట్టం చుట్టూ బొబ్బలే. బుష్షు సందుల్లో ఉన్న పాత గ్రీసు వేడికి కారి పొరను లేపింది. మామూలు థిన్నరు పెడితే ఆ పొర ఊడి రాదు, మళ్ళీ బ్లాస్టింగే గతి. తొమ్మిది వందలు పోయాయి. ఇంట్లో చెప్పలేదు గానీ నాయిన వస్తువు చూసే పట్టేశాడు.

రెండోసారి ఆయన చెప్పినట్టే చేశాను. బుష్షులు, హ్యాండిల్ మెడలోని బేరింగ్ కప్పులు అన్నీ కొట్టి తీశాను. కిరోసిన్‌లో నానబెట్టి, చాకలి సోడా వేసిన వేడినీళ్ళతో రెండుసార్లు కడిగి, గొట్టాల లోపలి నీళ్ళు కారిపోయేలా ఎండకు తలకిందులుగా నిలబెట్టాను. మరలున్న ప్రతి చిల్లుకూ పాత బోల్టు బిగించాను, లేకపోతే పొడి పోయి మరలు పూడుకుపోతాయి. బేరింగు కూర్చునేచోట వేడికి ఆగే టేపు వేయాలి, మామూలు టేపు కాలిపోతుంది. చాసిస్ నంబరు కొట్టిన చోట కూడా టేపు వేయమన్నాడు నాయిన. అంకెలు పూడిపోతే రేపు ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలి. సాఫు చేసిన ఇనుమును ఒట్టి చేత్తో ముట్టొద్దు, చెమట అంటుతుంది. రాత్రంతా ఉంచితే సన్న తుప్పు పడుతుంది, అదే రోజు ఇచ్చేయాలి. పెట్రోలు ట్యాంకు మాత్రం ఓవెన్‌కు పంపలేదు. లోపల ఆవిరి మిగిలి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. దానికి మామూలు పెయింటే.

చాసిస్ గీకుతుంటే వెనక షాకబ్జర్ బిగించే చోట రంగు కింద గట్టి ముద్ద తగిలింది. ఎం-సీల్. దాని మీద పౌడర్ సరిగా పట్టదు, తీయక తప్పదు. ఉలితో కొడితే ఊడి వచ్చింది. కింద అతుకు సగం దాకా పగిలి ఉంది.

“ఇదెప్పటిది?” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. “మిల్లు గేటు మూసిన ఏడు. వెల్డింగుకు బండి మొత్తం విప్పాలె. వారం బండి లేకుంటే టవళ్ళ గట్టర్లు ఎవడు మోస్తడు? మీ ఫీజులు ఏడికెల్లి వస్తయ్?”

ఆ బండి మీదే మమ్మల్ని బడికి దింపేవాడు. ముందు ట్యాంకు మీద చెల్లి, వెనక నేను, నా వెనక టవళ్ళ మూట. మిల్లు మూసినంక ఆయన ఎంత మెల్లగా తోలేవాడంటే సైకిలు పిల్లలు మమ్మల్ని దాటిపోయేవాళ్ళు. నాకు సిగ్గేసేది. బడికి సందు దూరంలోనే దిగిపోతానని ఒకరోజు గొడవ చేశాను కూడా. ఆయన ఏమీ అనలేదు, అక్కడే దింపాడు.

అతుకు పెట్టించి, గ్రైండర్‌తో సాపు చేయించి పంపాను. నల్లగా, నున్నగా వచ్చింది. బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. కిక్కు కొడితే స్టార్టయింది గానీ లైటు లేదు, హారన్ లేదు. వైర్లన్నీ వెతికి విసిగిపోయాను. అరుగు మీద నాయిన నవ్వుతున్నాడు. “పౌడర్ మీద కరెంటు పోతదారా? ఎర్తు బోల్టు కింద గీకు.” బ్లేడుతో రూపాయంత మేర గీకి వాషర్ బిగిస్తే లైటు వెలిగింది.

సాయంత్రం ఆయన్ని వెనక ఎక్కించుకొని అశోక్ చౌక్ దాకా పోయాను. రెండు చేతులతో నా భుజాలు పట్టుకున్నాడు. ముప్పై దాటగానే చెవి దగ్గర, “నిమ్మలంగ పోనియ్యిరా” అన్నాడు.