పుట్టుమచ్చల గడి

ఉయ్యూరు వైపు నుంచి బెజవాడ వెళ్లే బస్సులు బెంజ్ సర్కిల్ దగ్గర సగం ఖాళీ అవుతాయి. బందరు రోడ్డూ, చెన్నై–కోల్‌కతా హైవే కలిసే కూడలి అది. ఒకప్పుడు అక్కడ బెంజ్ లారీలు అమ్మేవారని, అందుకే ఆ పేరొచ్చిందని మా మావయ్యగారు చెప్పేవారు. ఇప్పుడు తలమీద ఫ్లైఓవర్లు, కింద ఆటోలు, ఏ పక్క చూసినా అమెరికా చదువులు, ఆస్ట్రేలియా వీసాల బోర్డులు. కృష్ణా జిల్లా పిల్లలు ఎందరో ఆ బోర్డులు చూసుకుంటూనే పరాయి దేశం దారి పట్టారు. నేను అక్కడ దిగింది మాత్రం పరాయి దేశంలో పుట్టి, ఇక్కడి మనిషినయ్యాక, నా మొదటి భారతీయ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకోవడానికి.

నేను పుట్టింది మారిషస్‌లో, ఫ్లాక్ జిల్లాలో, చెరుకు తోటల మధ్య. ఇంట్లో క్రియోల్, వీధిలో భోజ్‌పురి, చదువు ఇంగ్లిషులో, ఫ్రెంచిలో. తెలుగు బడిలో ఒక పీరియడు, రామభజనలో కాసిన్ని పాటలు. ఉగాదికి మారిషస్‌లో దేశమంతా సెలవు అని చెబితే ఇక్కడ చాలామంది నమ్మరు. అక్కడి తెలుగువాళ్లు సింహాద్రి అప్పన్న పూజ ఎంత శ్రద్ధగా చేస్తారో చెబితే అసలే నమ్మరు. పెళ్లయి ఉయ్యూరొచ్చిన కొత్తలో బెంగగా ఉన్నప్పుడల్లా నాకు ధైర్యం చెప్పింది చెరుకే. క్రషింగ్ రోజుల్లో ఇక్కడి పంచదార ఫ్యాక్టరీ ముందు చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, ఆ వాసనకి మా ఊళ్లోనే ఉన్నట్టుండేది.

భారతీయుణ్ణి పెళ్లి చేసుకున్నంత మాత్రాన పౌరసత్వం రాదు. 1955 నాటి పౌరసత్వ చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు పెట్టేనాటికి ఏడేళ్లు ఈ దేశంలో నివాసం ఉండాలి. ఆ ఏడేళ్లూ నేను వీసా మీదే కాపురం చేశాను. గడువు దగ్గర పడుతోందంటే పొడిగింపు కాగితాల పని మొదలయ్యేది. ఊళ్లో పేరంటాలకీ పెళ్లిళ్లకీ అందరితో పాటు నాకూ పిలుపొచ్చేది. ఎన్నికల రోజున మాత్రం ఇంటిల్లిపాదీ వేలి మీద సిరా గుర్తుతో తిరిగొచ్చేసరికి నేను వంట చేసి ఉంచేదాన్ని.

విదేశాల్లోని భారత సంతతికి ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది అన్నారు. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్లినప్పుడు, అక్కడి భారత సంతతిలో ఏడో తరం వాళ్లకు కూడా ఆ కార్డు ఇస్తామని ప్రకటించారు. మా తమ్ముడు తీసుకుంటానంటున్నాడు. వాడికి అది చాలు, వచ్చి చూసి వెళ్లేవాడు కాబట్టి. నాకు చాలదు. ఆ కార్డుతో ఓటు లేదు, సాగుభూమి కొనే హక్కూ లేదు. మావయ్యగారు పోయాక అత్తయ్య తన పసుపు కుంకుమల పొలంలో అర ఎకరం నా పేర రాస్తానన్నారు. విదేశీ పౌరురాలి పేర పొలం రిజిస్టరు కాదని తెలిసి, “నా కోడలికి నా పొలం ఇచ్చుకోడానికి అడ్డేంటమ్మాయ్?” అని ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. నేను నిర్ణయం తీసుకుంది ఆ రోజే.

మారిషస్ రెండో పౌరసత్వాన్ని కాదనదు. భారతదేశం ఒప్పుకోదు. అందుకని అక్కడి పౌరసత్వం వదులుకున్నాను, పాస్‌పోర్టు అప్పగించేశాను. ఆ మాట అమ్మకి ఫోన్లో చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నువ్వక్కడ సుఖంగా ఉంటే చాలు” అంది. జిల్లాలు విడిపోయాక కూడా మాకు కలెక్టరేట్ బందరే. భారత రాజ్యాంగానికి విధేయురాలిగా ఉంటానని, చట్టాలను పాటిస్తానని, పౌరురాలిగా నా విధులు నిర్వర్తిస్తానని అక్కడ ప్రమాణం చేశాను. వెళ్లేటప్పుడు దారంతా ఆ వాక్యాలు వల్లె వేసుకున్నా, తీరా చదివేటప్పుడు గొంతు వణికింది. సర్టిఫికెట్ పట్టుకుని బయటికొస్తే మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.

అయితే ఆ కాగితంతో విమానం ఎక్కలేం. అటు పాస్‌పోర్టు పోయింది, ఇటుది ఇంకా రాలేదు. అమ్మకి కంటి ఆపరేషన్ చెయ్యాలన్నారు. భారతీయులకు మారిషస్ ముందస్తు వీసా అడగదు, ముంబయిలో ఎక్కితే ఏడు గంటల లోపే అక్కడ దిగొచ్చు. అంత దగ్గర. అయినా వెళ్లే వీల్లేదు. పుట్టింటికి వెళ్లాలంటే నాకు అశోక స్తంభం గుర్తున్న ఆ చిన్న పుస్తకం కావాలి.

దరఖాస్తు ఇంట్లోనే ఆన్‌లైన్లో నింపాం. పౌరసత్వం ఎలా వచ్చింది అన్న ప్రశ్న దగ్గర మా ఇంట్లో అందరూ ‘పుట్టుకతో’ అని పెట్టినవాళ్లే. నేను ‘రిజిస్ట్రేషన్’ దగ్గర నొక్కాను. ఇంకొంచెం కిందికి వెళ్తే మరో గడి వచ్చింది: శరీరం మీద కనిపించే గుర్తు ఏదైనా ఉంటే రాయండి అని. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని రాయబోతూ ఆగిపోయాను.

ఆ గడి నేను అంతకుముందు ఇంకో కాగితంలో చూశాను. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, కూలీలుగా వచ్చినవాళ్ల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. 1834 నుంచి మొదలై ఆ వలస ఆగిపోయేనాటికి నాలుగున్నర లక్షలకు పైగా మనుషులు మన దేశం నుంచి మారిషస్ చేరారు. మా నాన్న అక్కడికి వెళ్లి, మా తాతకు ముత్తాత అయిన మనిషి నమోదు వెతికించి నకలు తెచ్చారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలు, ఊరు, జిల్లా. జిల్లా దగ్గర విశాఖపట్నం అని ఉంది. ఊరి పేరు ఆ గుమాస్తా చెవికి ఎలా వినిపించిందో అలా రాశాడు, ఇప్పటికీ ఎవరం పోల్చుకోలేకపోయాం. ఇక చివర, ఒంటి మీద గుర్తులు. మా పెద్దాయనకి నుదుటి మీద గాయపు మచ్చ. ఆయన ముఖం మాకు తెలియదు, మచ్చ మాత్రం తెలుసు.

కోరంగి రేవులో ఓడెక్కారని మా ఇంట్లో చెప్పుకునేవారు. 1839 తుఫాను ఆ రేవుని దెబ్బతీసిందని నేను ఇక్కడికొచ్చాకే చదివాను. పాస్‌పోర్టు లేకుండా సముద్రం దాటిన మనిషికి, దాటాక మాత్రం కాగితాలు తప్పలేదు. 1867లో మారిషస్‌లో వచ్చిన చట్టం, ఒప్పందం గడువు తీరిన పాత కూలీలంతా ఫోటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలంది. పోలీసుల పాసు కూడా కావాలి. చూపించలేకపోతే దేశదిమ్మరి కింద పట్టుకెళ్లేవారు. పోగొట్టుకుంటే డబ్బు కట్టి మళ్లీ తెచ్చుకోవాలి. ఆ బాధలు చూడలేక, ఒక తోట చూసుకునే అడాల్ఫ్ ద ప్లెవిట్స్ 1871లో కూలీల తరఫున అర్జీ తయారు చేశారు. 9,401 మంది దాని మీద సంతకాలు పెట్టారు. మర్నాడే బ్రిటిష్ రాయల్ కమిషన్ రాలేదు గానీ, మరుసటి ఏడు వచ్చింది. మనిషిని కదలనివ్వకుండా కట్టేసిన కాగితాల మీద కూడా పేరు, ఊరు, ఫోటో, మచ్చ ఉండేవి. నన్ను కదలనిచ్చే కాగితం కూడా అవే అడుగుతోంది. మా పెద్దాయన్ని ఆ గడిలో ఎవరో నిలబెట్టి, చూసి, రాసుకున్నారు. నా పుట్టుమచ్చ సంగతి నేనే రాసుకుంటున్నాను. ఈ తేడా నాకు చిన్నదిగా అనిపించలేదు.

బెంజ్ సర్కిల్‌లో దిగి ఆటోలో పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాం. తోడొచ్చినవాళ్లని లోపలికి రానివ్వరు, ఆయన బయటే ఉండిపోయారు. టోకెన్ ఇచ్చారు. ఏ, బీ, సీ అని మూడు దశల కౌంటర్లు. నా చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది పాతికేళ్ల లోపు పిల్లలు, తల్లిదండ్రులు సర్దిచ్చిన ఫైళ్లు గుండెలకి హత్తుకుని. నా పక్కన కూర్చున్న అమ్మాయిది పామర్రు, ఎమ్మెస్‌కి వెళ్తుందట. “మీరూ యూఎస్సేనా ఆంటీ?” అంది. పుట్టింటికి అన్నాను.

ఏ కౌంటరులో ఫోటో, వేలిముద్రలు. పొలం పనుల రోజులు కావడంతో నా వేళ్లు మిషన్‌కి ఒక పట్టాన అందలేదు. అక్కడి అబ్బాయి తడి గుడ్డ ఇచ్చి, “నిదానంగా తుడుచుకోండమ్మా, తొందరేం లేదు” అన్నాడు. బొటనవేలు అద్దం మీద పెట్టి నొక్కాను. తెర మీద గీతలు ఒక్కొక్కటీ తేలాయి. బీ కౌంటరులో అధికారి నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను రెండువైపులా తిప్పి చూశారు. పుట్టిన సర్టిఫికెట్ మారిషస్‌ది, ఆధార్ ఉయ్యూరు అడ్రసుది. “ఇలాంటి కేసు అరుదుగా వస్తుందమ్మా” అని, పైవాళ్లు సరిచూసుకున్నాకే జారీ అవుతుందని చెప్పి సీ కౌంటరుకి పంపారు. అక్కడి ఆవిడ అన్నీ చూసి, చివర్న ఫైలుతో సంబంధం లేని ఒక్క ప్రశ్న అడిగారు: “తెలుగు అక్కడే నేర్చుకున్నారా?” నేర్చుకున్నది అక్కడ, మాట్లాడింది ఇక్కడ అన్నాను.

తర్వాత పోలీసు విచారణ. మా స్టేషన్ నుంచి కానిస్టేబులు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎన్నాళ్లుగా ఉంటున్నారో ఇరుగుపొరుగు చెప్పాలన్నాడు. ఎదురింటి పిన్నిగారు, “ఎన్నాళ్లేంటి బాబూ, మా మనవడికి నీళ్లు పోసింది ఈ పిల్లే” అన్నారు. అత్తయ్య మజ్జిగ తెచ్చిచ్చి, నా గురించి అతను అడగనివి కూడా చెప్పారు. పెళ్లినాటి ఫోటో లోపల్నుంచి తెచ్చి చూపించారు.

పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది. అట్ట మీద, అక్షరాల కింద, చిప్ ఉన్నట్టు తెలిపే చిన్న బంగారు రంగు గుర్తు. లోపల జాతీయత భారతీయ, పుట్టిన చోటు ఫ్లాక్, మారిషస్. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. ఏదీ దేన్నీ కొట్టేయలేదు. వెంటనే ఫోటో తీసి అమ్మకి పంపాను, ఆయన ముంబయి టికెట్లు చూడటం మొదలుపెట్టారు.

అప్పటిదాకా పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్న అత్తయ్య, “నాకూ ఇస్తారంటావా?” అన్నారు. వియ్యపురాలి ఇల్లు ఇంతవరకూ చూడలేదు. అరవై దాటినవాళ్లకి ఫీజులో పది శాతం తగ్గింపు కూడా ఉందని చెప్పి దరఖాస్తు తెరిచాను. పుట్టిన తేదీ దగ్గరే ఆగాం. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. అది ఎవరో వేసేసిందేనట. “దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు” అన్నారు. అది 1977 నవంబరు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకున్నాం. పరాయి దేశంలో పుట్టిన నాకు ఏ ఆసుపత్రి, ఏ గంట అన్నదాకా కాగితం ఉంది. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊళ్లోనే కాపురం చేసిన ఆవిడకి ఒక్కటీ లేదు. ఆవిడ చదివిన బడి రిజిస్టరులో పేరుందేమో అడగడానికి సోమవారం ఆయన వెళ్తున్నారు. పౌరసత్వం గడిలో ‘పుట్టుకతో’ అని నొక్కించి, కిందికి వెళ్లాను. కనిపించే గుర్తు ఏం రాయను అని అడిగితే, కుడిచేతి మీద కొడవలి తెగిన మచ్చ చూపించి, “ఇది రాయి, ఇదైతే చెరిగిపోదు” అన్నారు అత్తయ్య.